పార్సెల్ సుషికి దండకం

ముందుగా నీ మూతకు నమస్కారం. పలచటి, తేటైన, అంచు దగ్గర వేలు పెట్టి లాగితే టక్కున ఊడివచ్చే ఆ ప్లాస్టిక్ మూతకు. దాని అడుగున ఎరుపులూ తెలుపులూ, పసుపులూ నారింజలూ, నలుపు చుట్టిన చక్రాలూ వరుస తప్పకుండా కూర్చుని, పదిమంది ఆకలికి ఒకేసారి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉన్న పార్సెల్ సుషీ, ఈ దండకం నీది. విందుకు ముందు ప్రతి ఇంట్లోనూ లేచే ప్రశ్న ఒకటుంది: అసలైన రుచి ఉండాలి, అప్పు మాత్రం మిగలకూడదు. ఆ ప్రశ్నకు టోక్యోలో, ఒసాకాలో, ఒకాయామాలో తరతరాలుగా గుమ్మం దాకా నడిచొస్తున్న జవాబువు నువ్వు.

పొగడ్తలన్నీ ఇన్నాళ్లూ నీ గొప్పింటి చుట్టానికే పోయాయి. గింజాలో పదిమందికి మించి పట్టని గది, హినోకి చెక్క బల్ల, బల్లకు ఆవల పెదవి విప్పని పెద్దాయన, ముద్దకొక మౌనం, చివర్న నెల జీతాన్ని కరిగించే బిల్లు. వాటి మీద సినిమాలు తీశారు, నక్షత్రాలు పంచారు. 2019 జనవరి 5న తొయోసు చేపల మార్కెట్టులో, కొత్త సంవత్సరపు తొలి వేలంలో, 278 కిలోల ట్యూనా ఒక్కటి 33 కోట్ల 36 లక్షల యెన్లు పలికితే లోకం నోరెళ్లబెట్టింది. ఆ చేపలో అందరూ కళ్లకద్దుకునే కొవ్వు కండ, తోరో, ఒకప్పుడు పిల్లి కూడా ముట్టదని ఎడో జనం, అంటే నాటి టోక్యో జనం, పారేసిన భాగం. వేలంపాట రోజున ఈ సంగతి ఎవరూ ఎత్తరు. నువ్వేమో ఏ నక్షత్రమూ లేకుండా డిపార్ట్‌మెంట్ స్టోరు నేలమాళిగలో, సూపర్ మార్కెట్టు వెనక గోడ దగ్గర, వీధి మలుపున చేపల కొట్టు అరుగు మీద ఓపిగ్గా కూర్చున్నావు. ఇద్దరిలో పాత వంశం నీదే. అది చెప్పడానికే ఈ గొంతు ఎత్తాను.

నీ ముత్తాత నెలల తరబడి అన్నంలో మగ్గిన చేప. బివా సరస్సు ఒడ్డున, షిగా ప్రాంతంలో, ఫునాజుషి పేరుతో ఇంకా బతికే ఉన్నాడు. ఉప్పు పట్టించిన చేపను అన్నంలో పాతి, పులియనిచ్చి, అన్నం తీసేసి చేప తింటారు. ఒకసారి వాసన చూసినవాళ్లు మరి మరచిపోరు. అంతకాలపు ఎదురుచూపును ఒక్క పూటలోకి కుదించింది వెనిగర్. 1804లో, ఇప్పటి ఐచి ప్రాంతంలోని హందా రేవులో, నకానో మతజాయెమోన్ అనే సాకే వ్యాపారి, సాకే పిండాక మిగిలిన పిప్పితో వెనిగర్ తీయడం మొదలుపెట్టాడు. బియ్యంతో చేసే వెనిగర్ కన్నా అది చవక. ఎర్రటి రంగు, మెత్తటి పులుపు. ఓడలెక్కి ఎడో నగరం చేరింది. పారెయ్యాల్సిన పిప్పి నుంచి నీ పులుపు పుట్టిందన్నమాట. చవకదనం నీకు మధ్యలో అంటిన మరకేమీ కాదు, పురుట్లోనే నీతో ఉంది.

ఎడో, నేటి టోక్యో. తగలబడటమూ మళ్లీ కట్టుకోవడమూ అలవాటైన కొయ్య నగరం. వడ్రంగులు, కూలీలు, పల్లకీ బోయీలు, ఇంట్లో పొయ్యి వెలిగించే తీరిక లేని ఒంటరి మగవాళ్లు. 1820లలో ర్యోగొకు ప్రాంతంలో హనాయా యోహేయి అనే వర్తకుడు, వెనిగర్ కలిపిన అన్నాన్ని అరచేతిలో అప్పటికప్పుడు వత్తి, పైన చేప ముక్క వేసి అమ్మాడంటారు. మొదట్లో కొట్టు కూడా లేదట, పెట్టె మోసుకుని రాత్రిళ్లు వీధులు తిరిగేవాడట. ఆనాటి ముద్ద నేటి ముద్దకు రెండింతలకు పైనే. రెండు ముద్దలు తింటే పూట గడిచేది. నిలబడి తిన్నారు, నడుస్తూ తిన్నారు, పొట్లం కట్టించుకుని ఇంటికి పట్టుకెళ్లారు. కుర్చీ వేసుకు కూర్చోవడం చాలా తరవాతి ముచ్చట. అందులోనూ విడ్డూరం చూడు: తరవాత యోహేయి సుషి ఖరీదెక్కింది, విలాసమైంది. 1840ల తొలినాళ్లలో తెంపో సంస్కరణలు వచ్చినప్పుడు, ఆడంబరం అమ్ముతున్నారని సుషి వ్యాపారులను పట్టుకుని చేతులకు బేడీలు వేశారు. సుషి ధర పెంచినందుకు సంకెళ్లు! ఈనాటి గింజా బిల్లు చూసినప్పుడల్లా ఆ షోగునుల చట్టం మీద నాకు కొంచెం గౌరవం పుడుతుంది.

యోహేయి కన్నా ముందే పొట్లం పుట్టింది, అది మరీ గొప్ప. 1702లో మొదలై ఇప్పుడు టోక్యో కాందా ప్రాంతంలో నడుస్తున్న కొట్టొకటి ఉంది, ససామాకి కెనుకిసుషి. గట్టిగా ఉప్పూ వెనిగర్ పట్టించిన చేప, ముళ్లు ఒక్కొక్కటిగా పీకి, అన్నం మీద పెట్టి, వెదురు జాతి ససా ఆకులో చుట్టి ఇస్తారు. ఆకు విప్పితే ముందు పచ్చి వాసన, తరవాత పులుపు. దాన్ని కొనేది చేతిలో పట్టుకుపోవడానికే. నీ మూత కింద ఇప్పుడు పళ్లు పళ్లుగా కత్తిరించి పెట్టే ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్క ఉందే, పిల్లలు తీసి గోళ్లకు తగిలించుకుని ఆడుకునేది, అది ఆ నిజం ఆకు తాలూకు జ్ఞాపకం. కుళ్లును దూరం పెట్టే గుణం ఆకుకు ఉండేది. ప్లాస్టిక్‌కు ఒక ముక్క రుచి ఇంకోదానికి అంటకుండా గోడ కట్టడం ఒక్కటే తెలుసు.

ఇప్పుడు సెన్‌కిచీని పిలవాలి. షిగా నవోయా 1920లో రాసిన కథలో పిల్లవాడు. కాందాలో తరాజుల కొట్లో పనికుర్రాడు. పెద్ద గుమస్తాలు ట్యూనా సుషి గురించి లొట్టలేస్తూ మాట్లాడుకుంటుంటే వింటాడు. ఒకవైపు ట్రామెక్కకుండా నడిచి నాలుగు సెన్లు మిగుల్చుకుంటాడు. ధైర్యం కూడగట్టుకుని వీధి బండి తెర తోసుకుని లోపలికి దూరతాడు, ట్యూనా ముద్ద చేతిలోకి తీసుకుంటాడు. ముద్ద ఆరు సెన్లని బండివాడు చెబుతాడు. తీసిన ముద్ద తిరిగి పెట్టేసి బయటికి వచ్చేస్తాడు. ఆ తరవాత చూసినవాడొకడు, డబ్బున్న యువకుడు, గుట్టుగా అతనికి కడుపునిండా పెట్టించడం, పిల్లవాడు ఆయన్ను దేవుడనుకోవడం కథలో మిగతా భాగం. నాకు మాత్రం ఆ రెండు సెన్లే మనసులో పడిపోయాయి. పార్సెల్ సుషీ, నువ్వు ఆ రెండు సెన్ల లోటు పూడ్చడానికి నూరేళ్లుగా పాటుపడుతున్నదానివి. పనికుర్రాడి పేరే పెట్టుకున్న కొజోసుషి అనే పార్సెల్ దుకాణాలు 1970, 80లలో జపానంతా పాకాయి. కుర్చీల్లేవు, బల్లల్లేవు, కౌంటర్ ముందు నిలబడి డబ్బిచ్చి పొట్లం తీసుకుపోవడమే. దేవుడి కోసం ఏ సెన్‌కిచీ ఎదురుచూడక్కర్లేదు.

ఇక నీ కొలత కథ. విందు చేసేవాళ్లందరూ అడిగేది అదే కదా, మనిషికెన్ని? దానికి జవాబు ఆకలి రోజుల్లోంచి వచ్చింది. యుద్ధం ఓడిపోయాక తిండి కరువు. 1947లో ప్రభుత్వం భోజనశాలలు మూయించింది. టోక్యో సుషి కొట్లవాళ్లు వెళ్లి ఒక ఒప్పందం సాధించుకున్నారు: మేము తిండి అమ్మం, జనం తెచ్చిన బియ్యాన్ని సుషిగా మార్చి ఇస్తాం, కూలి మాత్రం పుచ్చుకుంటాం. ఇంటి నుంచి ఒక గో బియ్యం, అంటే నూట యాభై గ్రాముల లెక్క, తెచ్చి ఇస్తే పది ముద్దలు చేసి ఇచ్చేవారు. ట్యూనా ఎక్కడిది? ప్రభుత్వ అదుపు లేని ఆల్చిప్పలతో, నది చేపలతో సరిపెట్టారు. గుప్పెడు బియ్యం చేతిసంచిలో వేసుకుని వరుసలో నిలబడ్డ ఆ తల్లుల పుణ్యమే ఇవాళ్టికీ నిలిచిన 'ఒకరి వంతు'. ముద్ద చిన్నదైందీ అప్పుడే. కాబట్టి పదిమందికి నూరు అని రాసుకో. పక్కన సూపు, వేపుళ్లు, పళ్లు ఉంటే డెబ్భై చాలు. చిన్నపిల్లలున్న ఇంట్లో గుడ్డు ముద్దలు రెండెక్కువ అడుగు, లేకపోతే గొడవలవుతాయి.

నల్లటి గుండ్రని తొట్టీ, నీకూ ఒక దణ్ణం. బయట నలుపు, లోపల ఎరుపు, ఒకప్పుడు లక్కపూత కొయ్య, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్. ఊళ్లో చావు జరిగినా, పెళ్లిచూపులైనా, మేనమామ ఊరునుంచి దిగినా, వీధి చివరి సుషి కొట్టుకు ఒక ఫోను వెళ్లేది. కుర్రాడు సైకిల్ మీద తొట్టె తెచ్చి గుమ్మంలో దించేవాడు. నామీ, జో, తొకుజో అని మూడు మెట్లు. మామూలు, మేలు, మహా మేలు. నామీలో ట్యూనా ఎర్ర కండ, స్క్విడ్, ఆక్టోపస్, ఉడికించిన రొయ్య, తీపి గుడ్డట్టు, ఓ ఆరు చిన్న చుట్టలు. తొకుజోకి వెళ్లేసరికి సముద్రపు ముళ్లకాయ, ఇకురా గుడ్లు, తోరో. విందుకు నామీయే తెప్పించుకోమని నా సలహా. మనిషి మనిషికీ కబుర్లుంటాయి, నవ్వులుంటాయి, పిల్లలు పరుగులు పెడుతుంటారు. తోరో లాంటి రుచి ఆ హడావుడిలో ఎవరి నాలుకకు తెలుస్తుంది? తొట్టెలో అమర్చే పద్ధతి కూడా విందును ఎరిగి పెట్టిందే. ఒక్కడు తినే పళ్లెంలో ముద్దలన్నీ ఏటవాలుగా ఒకే దిక్కు చూస్తాయి. గుండ్రని తొట్టెలో నడిమధ్య నుంచి అంచులకు కిరణాలు కిరణాలుగా పరుచుకుంటాయి, ఎటు కూర్చున్నవాడికైనా ముఖమే కనబడాలి, వెన్ను కనబడకూడదు. ఎవరికి పెద్దపీట అనే తగవు ఆ అమరికలోనే తీరిపోయింది. మర్నాడు తొట్టె కడిగి గుమ్మం బయట పెడితే కుర్రాడొచ్చి తీసుకుపోయేవాడు. ఇప్పుడు చాలాచోట్ల వాడి పారేసే తొట్టెలే.

కానీ అప్పుడే పట్టిన చేప, అప్పుడే వత్తిన ముద్ద, అప్పుడే నోట్లోకి అనే తొందరంతా టోక్యోది. పడమటి జపాన్‌కు వెళితే నువ్వు మహారాణివి. ఒసాకా సుషి పుట్టుకతోనే ప్రయాణికురాలు. చెక్క పెట్టెలో అన్నం, మీద వెనిగర్‌లో నానిన చేప, రొయ్య, గుడ్డట్టు పేర్చి, మూత వేసి అదిమి, ఇటుకల్లా కోస్తారు. కొన్ని గంటలు గడిస్తేనే చేప ఉప్పు అన్నంలోకి దిగి రుచి కుదుటపడుతుంది. నాటకశాల నుంచి ఇంటికి వెళ్తూ చేత పట్టుకుపోవడానికి అంతకన్నా ఏం కావాలి? క్యోతోకు సముద్రం లేదు. వకాసా తీరాన ఒబామాలో పట్టిన మాకెరెల్ చేపకు ఉప్పు పట్టించి, కొండదారిన మోసుకొచ్చేవారు. ఊరు చేరేసరికి ఉప్పు సరిగ్గా సరిపోయేది. పండగనాడు క్యోతో ఇళ్లలో ఆ చేపతోనే లావుపాటి సుషి దిమ్మెలు. నారా కొండల్లో పెర్సిమన్ ఆకులో మడిచిన చిన్న చిన్న పొట్లాలు. తొయామా రైల్వే స్టేషనులో 1912 నుంచి అమ్ముతున్న ట్రౌట్ సుషి సంగతి చెప్పాలి: గుండ్రని పలచటి చెక్క డబ్బా, లోపల ససా ఆకులు సూర్యుడిలా విచ్చుకుని ఉంటాయి, ఆకులు తొలగిస్తే గులాబీ రంగు చేప ఒకే పలకగా మెరుస్తుంది. కత్తి కూడా డబ్బాలోనే పెట్టి ఇస్తారు. విందులో ఒక్కటి మధ్యన పెట్టి ముక్కలు కోసి పంచితే చాలు, పుట్టినరోజు కేకు మీద చూపు ఎవరికీ నిలవదు. ఇవేవీ చల్లారితే చెడే రకాలు కావు, సాయంత్రానికి ఇంకా బాగుంటాయి. ముందురోజే తెచ్చి పెట్టుకోగలిగిన సుషి ఇంతకన్నా వేరే లేదు.

ఒకాయామా బరాజుషీ, నీ దగ్గర మాత్రం కాసేపు కూర్చోవాలి. పదిహేడో శతాబ్దంలో ఆ సీమను ఏలిన ఇకెదా మిత్సుమాసా పొదుపరి ప్రభువు. భోజనంలో ఒక సూపు, ఒక కూర, అంతకుమించి వద్దని శాసించాడట. జనం శాసనం పాటించారు. ఎలా? చేపలు, రొయ్యలు, తామరదుంప, పుట్టగొడుగులు, చిక్కుళ్లు, గుడ్డట్టు తురుము, ఏవీ విడిగా వడ్డించలేదు. అన్నీ అన్నంలోకే కలిపేశారు. కూర ఒక్కటే అయింది కదా! ఇంకొందరు రుచులన్నీ డబ్బా అడుగున పరిచి మీద తెల్లన్నం కప్పి, పేదగా కనిపించే ఆ డబ్బాను తినేముందు బోర్లా తిప్పేవారని చెబుతారు. తిప్పగానే తోట పూసేది. కథ ఎంత నిజమో ఎంత కల్పనో గానీ తిప్పే డబ్బా ఇప్పటికీ అమ్ముతారు. డబ్బు తక్కువై మనుషులు ఎక్కువైన విందుకు నన్నడిగితే వత్తిన ముద్దల కన్నా ఇదే మేలంటాను. చేప చిన్న ముక్కలుగా చాలు, చేయి తిరిగిన వంటవాడు అక్కర్లేదు, గరిటెతో ఎవరికి కావలసినంత వాళ్లు తీసుకోవచ్చు. మార్చి 3న ఆడపిల్లల బొమ్మల పండగనాడు జపాను ఇళ్లన్నిట్లో దీని అక్కచెల్లెలు చిరాషి వెలిసేది ఊరికే కాదు.

నిన్ను చవకగా ఉంచడానికి చేతులు కాల్చుకున్నవాళ్లు ఎందరో. 1958లో, ఇప్పటి హిగాషి ఒసాకాలో, షిరాయిషి యోషియాకి బీరు ఫ్యాక్టరీలో సీసాలను మోసుకెళ్లే బెల్టు చూసి వచ్చి, తన కొట్లో పళ్లేలను ఊరేగించాడు. బెల్టు తిరిగే ఆ కొట్ల వారసులే ఇవాళ విందు పళ్లేలను చవకగా కట్టి ఇచ్చేది. 1981లో సుజుకి కిసాకు అనే మిఠాయి యంత్రాల తయారీదారు ముద్దలు వత్తే యంత్రం చేశాడు. వరి తినేవాళ్లు తగ్గిపోయి పొలాలు బీడు పెట్టమని ప్రభుత్వం చెబుతుంటే ఆయనకు కడుపు మండిందట. సుషి చవకైతే బియ్యం ఖర్చవుతుంది కదా అనుకున్నాడు. గింజను నలపకుండా గాలి మిగిల్చి వత్తడం యంత్రానికి నేర్పడం మాటలు కాదు. అదే దశాబ్దంలో నార్వే వాళ్లు తమ పెంపకపు సాల్మన్‌ను పట్టుకుని జపాన్ తలుపు తట్టారు. పచ్చి సాల్మనా, పురుగులుంటాయి, అని జపానీయులు మొహం తిప్పుకున్నారు; వాళ్లకు సాల్మన్ అంటే ఉప్పేసి కాల్చుకునే చేప. ఏళ్లు పట్టింది ఒప్పించడానికి. ఇవాళ ఏ పిల్లవాడి చేయైనా ముందు వెళ్లేది ఆ నారింజ ముక్క మీదికే. సంప్రదాయం సంప్రదాయం అని గుండెలు బాదుకునేవాళ్లకు ఆ ముక్క ఒకటి తినిపించాలి.

ఇంతమందిలోనూ తల వంచి మొక్కవలసింది ఒకావిడకు. నీ ఒంటికి చుట్టిన నల్ల వస్త్రం, నోరి, సముద్రపు నాచు. శతాబ్దాలుగా జపాన్ దాన్ని పండించింది గానీ, విత్తనం ఎక్కడినుంచి వస్తుందో ఎవరికీ తెలియదు. చలికాలానికి ముందు వెదురు కర్రలూ వలలూ పాతేవారు, తగిలితే తగిలినట్టు. జూదగాళ్ల గడ్డి అన్నారు దాన్ని. యుద్ధం తరవాత పంట దెబ్బతిని తీరాల్లో ఊళ్లు అప్పుల్లో మునిగాయి. ఎక్కడో ఇంగ్లండులో, మాంచెస్టరులో, కాథ్లీన్ డ్రూ-బేకర్ అనే శాస్త్రవేత్త బ్రిటన్ తీరపు నాచును పరిశోధిస్తోంది. పెళ్లి చేసుకుందని విశ్వవిద్యాలయం ఆవిడ ఉద్యోగం తీసేసింది, జీతం లేకుండానే పని చేసుకుంది. వేసవిలో మాయమయ్యే నాచు ఎక్కడికి పోతుందో 1949లో కనిపెట్టి 'నేచర్' పత్రికలో రాసింది: ఆల్చిప్పల పెంకుల్లోకి దూరి, సన్నటి గులాబీ దారంగా దాక్కుని, మళ్లీ చలికి బయటకు వస్తుంది. అంతే, జపాన్ శాస్త్రవేత్తలు పెంకుల్లోనే నారు పోయడం నేర్చారు. జూదం వ్యవసాయమైంది. నోరి అందరికీ అందింది. ఆవిడ 1957లో కన్నుమూసింది, జపాన్‌లో ఒక్కసారి కాలు పెట్టలేదు. కుమామోతోలో, అరియాకే సముద్రం వైపు చూసే ఉతో కొండ మీద, 1963లో ఆవిడకు స్మారకం కట్టారు. ఏటా ఏప్రిల్ 14న నాచు రైతులు అక్కడ కూడతారు, సముద్రమాత అని పిలుస్తారు. చుట్ట చుట్టిన ప్రతి సుషి ముక్కలోనూ జీతం లేని ఆ ఉద్యోగం ఉంది.

కొనడానికి వెళ్లేటప్పుడు ఏం చూడాలో కూడా పాడాలి, లేకపోతే స్తోత్రం ఎందుకు? సూపర్ మార్కెట్టులో రెండుచోట్ల సుషి ఉంటుంది. వేపుళ్లూ సలాడ్ల పక్కన ఒకటి, చేపల విభాగం వాళ్లు వత్తి పెట్టేది మరొకటి. రెండోదాని వైపు నడు. పొద్దున తెచ్చిన చేపలో మిగిలిన మంచి ముక్కలు అందులోకే వెళతాయి. మూతలోంచి చూడు: ట్యూనా కింద ఎర్రటి నీరు చేరిందా, వద్దు. అంచున అన్నం గాజులా బిగుసుకుందా, వద్దు. గింజ గింజ విడిగా మెరుస్తోందా, తీసుకో. సాయంత్రం ముదిరాక ఉద్యోగి ఒకతను స్టిక్కర్ల చుట్ట పట్టుకుని వస్తాడు. ముందు ఇరవై శాతం, తరవాత ముప్పై, ఆఖరున సగం ధర. అతను ఎటు కదిలితే అటు, చూడనట్టు చూస్తూ, ఆఫీసు దుస్తుల్లోని పెద్దమనుషులు కూడా నెమ్మదిగా కదులుతారు. టోక్యోలో నేను చూసిన ఊరేగింపులన్నిట్లోకీ భక్తి ఎక్కువున్నది ఇదే. కానీ విందుకు ఆ వేటను నమ్ముకోకు. పదిమందికి సరిపడా దొరకదు, దొరికినవి అప్పటికే పొద్దున్నుంచి అలసినవి. ముందురోజు చెప్పి చేయించుకో.

తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టకు. దీన్ని మాత్రం రెండు చేతులెత్తి చెబుతున్నాను. వేడన్నం చెక్క తొట్టెలో పోసి, వెనిగర్, ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు చల్లి, విసనకర్రతో విసురుతూ ఆరబెడతారు. పులిహోరకు అన్నం వెడల్పు పళ్లెంలో పరిచి ఆరనిచ్చే అమ్మమ్మలకు ఆ పని విడిగా నేర్పక్కర్లేదు. ఆ అన్నం ఒంటి వెచ్చదనంతో ఉండాలి. చలిపెట్టెలో చేరితే పిండిపదార్థం బిగుసుకుని గింజ రాయవుతుంది, పంచదార కొంత అడ్డుకున్నా పూర్తిగా ఆపలేదు. మరోవైపు పచ్చి చేపను వేడిలో ఉంచకూడదు. అందుకే పచ్చి చేప మోసేటప్పుడు నీకు ఆయుష్షు తక్కువ, రెండు గంటలు. అతిథులు గుమ్మం తొక్కే వేళకు పొట్లం గుమ్మం తొక్కాలి. వసాబి విడిగా పొట్లాల్లో అడుగు, అసలు వసాబి కాదది, ఎక్కువగా రంగేసిన హార్స్‌రాడిష్, అయినా ముక్కు అదరగొడుతుంది. సోయా పోసే బుల్లి చేప సీసా ఒకటి వస్తుంది, 1954లో ఒసాకాలో పుట్టింది. దక్షిణ ఆస్ట్రేలియా 2025 సెప్టెంబరు నుంచి దాన్ని నిషేధించింది, చెత్తలోకి జారిపోయి సముద్రం చేరుతోందని. చేప రూపంలో సముద్రం చేరడం ఆ సీసాకు తప్పనిపించి ఉండదు పాపం.

టోక్యో తూర్పున, ఎడోగావా వార్డులో నిషి కసాయి ఉంది. కంప్యూటర్ల పనికి వచ్చిన మనవాళ్లు అక్కడ చేరి పాతికేళ్లవుతోంది. ఆ అపార్ట్‌మెంట్ల విందుల్లో నీ మూత తెరవగానే వచ్చే మొదటి ప్రశ్న నాకు కంఠతా వచ్చు. "అన్నా, ఇందులో చేప లేనిది ఏది?" "ఇదిగో రా, కీరా చుట్ట. కళ్లు మూసుకుని తిను." "మరి ఈ గోధుమరంగుది?" ఆగాలిక్కడ. ఆ గోధుమరంగుది కంప్యో: సొరకాయను రిబ్బనులా చెక్కి ఎండబెట్టిన ఒరుగులు, జపాన్‌లో పండేవి దాదాపు అన్నీ తోచిగి ప్రాంతానివే. సొర ఒరుగులంటే మన ఇంటి మాటే గానీ, వాటిని ఉడికించే దాషి నీళ్లలో ఎండు బొనీటో చేప ఉండటం మామూలు. వేయించిన టోఫు సంచుల్లో అన్నం కూరే తీపి ఇనారి సంగతీ అంతే. నిష్ఠగల శాకాహారి మేనత్త వస్తోందంటే కీరా చుట్టలు, పసుపురంగు ముల్లంగి ఊరగాయ చుట్టలు, పుల్లటి ఉమె చుట్టలు చెప్పించండి, కొట్లో అడిగి మరీ. మిగతావాళ్లకు పైనున్న ఉడికిన రొయ్యను చూపించండి. ఆంధ్ర తీరపు చెరువుల రొయ్య జపాన్‌కూ వస్తుంది. ఏ తొట్టెలో ఏ ఊరి రొయ్య పడిందో చెప్పలేం గానీ, భీమవరం కుర్రాడు దాన్ని తన ఊరిదిగానే తింటాడు. తిననివ్వండి.

అసలైనది అంటే ఏమిటో ప్రభుత్వమే తేల్చబోయిన ముచ్చట ఒకటుంది. 2006లో జపాన్ వ్యవసాయ శాఖ విదేశాల్లోని జపనీస్ హోటళ్లకు అసలైనవి అనే ముద్ర వేస్తామంది. అమెరికా పత్రికలు సుషి పోలీసులని వెక్కిరించాయి. పథకం చల్లగా నీరుకారిపోయింది. వాళ్లు ముద్ర వేయడానికి ఎక్కడ వెతికేవారో గానీ, నీ నల్ల తొట్టెలో మాత్రం వెతికేవారు కాదు.

ఇప్పుడు నీకు గడ్డు రోజులు, దాచడమెందుకు. బెల్టు సుషి దుకాణాల సంస్థ సుషిరో 2022 అక్టోబరులో తన నూరు యెన్ల పళ్లేన్ని వదులుకుంది. 2025 వసంతానికి సూపర్ మార్కెట్లలో ఐదు కిలోల బియ్యం 4,000 యెన్లు దాటింది, ఏడాదిలో దాదాపు రెండింతలు. ప్రభుత్వం గిడ్డంగులు తెరిచి నిల్వ బియ్యం వదిలింది. ఎప్పుడూ చేప ధర గురించి గొణిగే వ్యాపారులు ఈసారి అన్నం ధర గురించి గొణిగారు. నువ్వు కుంచించుకున్నావు, ముద్దకు రెండు గింజలు తగ్గాయేమో, కొన్ని పొట్లాల్లో చుట్టలు పెరిగి ముద్దలు తగ్గాయి. అయినా కౌంటరు మీదికి వస్తూనే ఉన్నావు. సెన్‌కిచి జేబులో ఎప్పుడూ రెండు సెన్లు తక్కువే అని నీకు తెలుసు.

విందు చివర్న తొట్టెలో ఒక్క ముద్ద మిగులుతుంది. ఎప్పుడూ మిగులుతుంది. పెద్దవాళ్లు తినాలని చిన్నవాళ్లు, చిన్నవాళ్లు తినాలని పెద్దవాళ్లు, ఇంటివాళ్లు తినాలని అతిథులు, ఒసాకాలోనూ అంతే, నిషి కసాయిలోనూ అంతే. "నువ్వు తీసుకో వదినా." "అయ్యో, నాకు చాలు, బావగారికి పెట్టు." "నేనా, ఇప్పటికే పన్నెండు తిన్నాను." మొహమాటాలు కట్టిపెట్టి ఎవరో ఒకరు తినండి బాబూ, అవతల అన్నం గట్టిపడిపోతోంది!